శరణాగత శునకము - ఒక ధర్మసూక్ష్మము

మహాభారతమున కథ మొదలగునప్పుడే ఒక శునకము కనిపించును. కథ ముగియవచ్చునప్పుడు మరల ఒక శునకము కనిపించును. కురుక్షేత్రమున జనమేజయుడు దీర్ఘసత్రము సలుపుచుండగా, దేవశుని యగు సరమ కుమారుడు సారమేయుడు ఆ చోటికి వచ్చెను. జనమేజయుని తమ్ములు ముగ్గురు వానిని కొట్టిరి. వాడు ఏడ్చుచు తల్లికడ కేగెను. హవిస్సును ముట్టితివా యని తల్లి అడుగగా, కన్నెత్తియైన చూడలేదని చెప్పెను. సరమ యాగశాలకు వచ్చి, నిరపరాధిని ఏల కొట్టితిరని నిలదీసెను. ఎవరును బదులు పలుకలేదు. ఊహింపరాని భయము మీకు కలుగుగాక యని శపించి ఆమె వెడలిపోయెను. నన్నయభట్టారకుడును తెనుగు భారతమున ఈ కథను ఆదియందే నిలిపినాడు. ఇంతటి ధర్మగ్రంథమునకు ఇట్టి ద్వారము నిలుపుట కేవలము యాదృచ్ఛికము కాదు. సార్వభౌముని వాకిట ఒక కుక్కపిల్లకు న్యాయము దొరకకపోవుట వ్యాసభగవానునకు చిన్న విషయముగా తోచలేదు.

నేటి గృహస్థునకు ఈ కథతో పనియేమి యని శంక కలుగవచ్చును. పని కలదు. క్షేత్రదర్శనమునకు పోవు యాత్రికుడు బస్సు ఆగినచోట, సత్రము వాకిట, కోనేటి మెట్ల చెంత, దిక్కులేని కుక్కపిల్లలను చూచుచునే యుండును. చూచి జాలిపడుట సులభము. చేతికి తీసికొనుట కొంత కష్టము. తీసికొన్న పిమ్మట ఏమి చేయవలెనన్నదే అసలైన ధర్మసంకటము.

ఇట్టి గృహస్థుడొకడు కలడనుకొనుడు. ఉద్యోగవిరమణ చేసినవాడు. ఇంట భార్యయు, వృద్ధురాలగు తల్లియు గలరు. దంపతులు శ్రీనివాసుని దర్శించి మరలివచ్చుచుండగా, త్రోవలో బస్సు నిలిచినచోట కాలు విరిగిన కుక్కపిల్ల యొకటి ఈడ్చుకొనుచు వచ్చి ఆతని పాదములకడ పడియుండెను. విడిచిరాలేక కండువాలో చుట్టి ఇంటికి తెచ్చెను. పశువైద్యుడు కట్టు కట్టెను. కొన్ని వారములకు కాలు కుదురుకొనెను. పిల్లయు ఆతని అడుగుచప్పుడు వినినంతనే తోక యాడించుచు ఎదురు వచ్చుచుండెను. కాని ఆ ఇంట నిత్యము సాలగ్రామారాధన కలదు. తల్లిగారు మడి పాటించును. పైగా దంపతులు ఏటేట కొన్ని మాసములు దూరపట్టణముననున్న కుమారుని చిన్న అద్దెయింట నుండవలసినవారు.

ఇప్పుడాతని యెదుట మూడు త్రోవలు నిలిచినవి. తెచ్చినచోటనే తిరిగి విడిచివచ్చుట మొదటిది. ఏది యేమైనను తానే యుంచుకొనుట రెండవది. తగినవారి చేతిలో పెట్టుట మూడవది. మూడవది తేలికగా తోచును గాని, ధర్మసూక్ష్మమంతయు అందే యిమిడియున్నది. నమ్మి వచ్చిన ప్రాణిని పరుల కిచ్చుట శరణాగతత్యాగము కాదా? ఆతని హృదయమును కలచిన ప్రశ్న యిదియే.

దీనికి సమాధానము వెదకువారు ముందుగా మహాప్రస్థానిక పర్వమును చూడవలెను. తిక్కన సోమయాజి తెనిగించిన పదునైదు పర్వములలో నిదియు నొకటి. ద్రౌపదియు, నలుగురు తమ్ములును దారిలో ఒకరి వెనుక నొకరు పడిపోయిరి. హస్తినాపురమునుండి వెంటవచ్చిన శునక మొక్కటియే ధర్మజునకు తోడు మిగిలెను. ఇంద్రుడు రథము తెచ్చి ఎక్కుమనెను. కుక్కను మాత్రము విడువుమనెను. కుక్కలు గలవారికి స్వర్గమున చోటు లేదనియు, వారి యిష్టాపూర్త ఫలములను క్రోధవశులనువారు హరింతురనియు, ఇందులో క్రూరత్వమేమియు లేదనియు నచ్చజెప్పెను. అనగా ఇంద్రుడు చూపినది ఆచారమునకు సంబంధించిన అభ్యంతరమే. భక్తిగలిగి వెంటవచ్చినదానిని విడుచుట బ్రహ్మహత్యతో సమానమైన పాపమని ధర్మజుడు ప్రత్యుత్తరమిచ్చెను. తన సుఖముకొరకు దానిని విడువజాలననెను.

ఇంద్రుడు అంతటితో ఊరకుండలేదు. తమ్ములను, భార్యను విడిచివచ్చినవాడవు, ఈ కుక్కనేల విడువవని ప్రశ్నించెను. ఈ ప్రశ్నకు ధర్మజుడిచ్చిన సమాధానమున మన గృహస్థుని సంకటమునకు తాళపుచెవి దొరకును. వారు మరణించిన పిమ్మటనే వారిని దాటివచ్చితిననియు, బ్రతికియుండగా విడువలేదనియు, మృతులను బ్రతికించు శక్తి తనకు లేదనియు ఆయన చెప్పెను. ఆ వెంటనే శునకరూపమును వదలి ధర్మదేవత సాక్షాత్కరించెను.

ఇందు ధర్మజుడు నిరాకరించినది దేనిని? తన సుఖముకొరకు, బ్రతికియున్న ప్రాణిని, ఏ దిక్కును లేనిచోట వదలుటను. మంచుకొండలలో ఆ శునకమునకు వేరొక రక్షకుడు లేడు. ఆయన రథమెక్కినచో దానికి మిగులునది చలియు, ఆకలియు, మరణమును మాత్రమే. కాబట్టి త్యాగము వేరు, అప్పగింత వేరు. విడుచువాడు ప్రాణిని శూన్యమునకు విడుచును. అప్పగించువాడు ఒక చేతినుండి మరియొక చేతికి మార్చును. నడుమ నేలపై పడనీయడు. ఈ విచక్షణతో చూచినచో మొదటి త్రోవ, అనగా తెచ్చినచోటనే విడిచివచ్చుట, ధర్మజుడు కాదన్న త్రోవయే. ఇంటి అన్నమునకు అలవాటుపడి, వీధి మెలకువలు నేర్వని పిల్లను బండ్ల నడుమ విడుచుట, మొదట తీసికొనకుండుటకంటె పెద్ద దోషము.

అట్లయిన తానే యుంచుకొనుట శ్రేష్ఠము కాదా యనిన, శ్రీమద్భాగవతము పంచమస్కంధములోని భరతుని చరిత్రము మనలను హెచ్చరించును. రాజ్యమును తృణప్రాయముగా విడిచి వనమునకు వచ్చిన ఆ మహాభాగవతుడు, సింహగర్జనమునకు బెదరి నది దాటబోయిన లేడి ప్రవాహమున ఈనిన పిల్లను కాపాడెను. కాపాడుట తప్పు కాదు. కాపాడకున్నచో ఆతడు భాగవతుడే కాడు. తప్పు తరువాత ప్రవేశించినది. దీనికి నేను తప్ప ఎవరును లేరన్న తలంపు ఆతనిలో వేరూనెను. పూజ సన్నగిల్లెను, నియమములు ఒకటొకటిగా జారిపోయెను. లేడి కొంతసేపు కానరాకున్న ఆతని మనస్సు ఛిన్నాభిన్నమగుచుండెను. తుదకు దానినే తలంచుచు దేహము విడిచి లేడియై జన్మించెను. పూర్వస్మృతి మాత్రము భగవత్కృపచే నిలిచెను.

ఈ కథను చూపి ప్రాణులను చేరదీయరాదనువారు కలరు. అది కథాహృదయము కాదు. భరతుని చెరచినది దయ కాదు, దయ వెనుక నక్కి వచ్చిన మమకారము. దయ ప్రాణియొక్క మేలును కోరును. మమకారము ప్రాణి తనదిగా నుండుటను కోరును. రెండును ఒకే తీరున కంటనీరు పెట్టించును గనుక వీనిని వేరుపరచుట కష్టము. పరీక్ష యొక్కటియే. ఈ పిల్ల మరియొక యింట ఇంతకంటె సుఖముగా నుండునని తెలిసినప్పుడు మనస్సు సంతసించిన అది దయ; ముడుచుకొనిన అది మమకారము. ఏటా కొన్ని మాసములు ఇల్లు తాళము వేయవలసినవాడు, అయినను నేనే పెంచెదనని పట్టుబట్టిన, ఆ పట్టు ఎవరికొరకో తనను తాను ప్రశ్నించుకొనవలెను.

ఇక మూడవ త్రోవ. పెద్దలు దీనికి న్యాసమని, నిక్షేపమని పేరు పెట్టిరి. కన్నవారు విడిచిపోగా, మాలినీ తీరమున పక్షులు కాచిన శిశువును కణ్వమహర్షి తెచ్చి పెంచెను. తగినకాలమున అత్తవారింటికి పంపుచు, కాళిదాసుని నాటకములో ఆ మహర్షి, ఒకరి సొమ్మును దాచి తిరిగి వారికప్పగించినవానివలె తన యంతరాత్మ తేటపడినదని భావించును. కన్నీరు లేకపోలేదు, వైరాగ్యము గల తపస్వికే కంఠము గద్గదమైనది. అయినను అది శోకము మాత్రమే, పాపము కాదు. అంతకంటె గొప్ప దృష్టాంతము వైష్ణవుల హృదయములందు నిత్యము మెలగుచునే యున్నది. వసుదేవుడు అర్ధరాత్రమున యమునను దాటి శిశువును నందుని యింట చేర్చెను. ఒడ్డున పెట్టి, ఎవరైన చూతురులే యని మరలిరాలేదు. యశోద ప్రక్కలో పరుండబెట్టి వచ్చెను. జగద్రక్షకునికే ఒక తల్లి ప్రక్క వెదకిపెట్టిన కథ యిది. అల్పప్రాణి విషయమున దీనిని తలచుట సాహసమని తోచవచ్చును. కాని అప్పగించు విధానము పెద్దల నడవడినుండియే నేర్వవలసియున్నది.

దానమునకు దేశము, కాలము, పాత్రము చూడవలెనని గీతాచార్యుడు బోధించెను. ప్రాణిని అప్పగించునప్పుడు ఈ మూడింటిలో పాత్రవిచారము ముఖ్యతమము. గృహస్థుడు పిల్ల ఛాయాచిత్రమును సెల్‌ఫోనులో తెలిసినవారికి పంపగా, మొదట ఒక సంపన్న వర్తకుడు అడిగెననుకొనుడు. ఆయనకు గిడ్డంగివద్ద కాపలా కావలెను. అహోరాత్రములు గొలుసుతో కట్టియుంచునట. ఇచ్చివేసిన ఆ సాయంకాలమే భారము తీరును. తరువాత గుడివీధిలో పూలమాలలు కట్టు కుటుంబమువారు అడిగిరి. రెండు గదుల యిల్లు. ఇంటిల్లిపాదియు పగలెల్ల ఇంటనే యుందురు. అంతకు ముందు పెంచిన ముసలికుక్క తుదిదినములలో లేవలేకున్నప్పుడు చేతితో అన్నము తినిపించినవారు. అయినను గృహస్థునకు సంశయము కలిగెను. పేదవారు, ఏమి పెట్టగలరు? ఇచ్చట ధర్మము స్పష్టము. పాత్రత్వము ధనమువలన రాదు. కుచేలుని అటుకులలో లోటు చూడని స్వామిని కొలుచువారు, గొలుసుతోడి క్షీరాన్నముకంటె చేరువతోడి గంజియన్నమే మేలని గ్రహింపవలెను.

పాత్రవిచారము చేయువారు గమనింపదగిన లౌకిక విషయములును కొన్ని గలవు. తీసికొనువారి యింట ఒక్కరికి కాక అందరికిని సమ్మతము కావలెను. అద్దెయిల్లైన యజమాని అనుమతి యుండవలెను. పిల్లవాడు మారాము చేసెనని ఆటవస్తువువలె కోరువారికిని, ఈతలు వేయించి పిల్లలను అమ్మదలచువారికిని ఇయ్యరాదు. ఎనిమిది వారములు నిండకమునుపు పిల్లను తల్లినుండి వేరుచేయుట మంచిది కాదు. మూడు మాసముల వయస్సున రేబిస్ టీకా వేయించి, తరువాతి టీకాలు వైద్యుడు చెప్పినట్లు సాగింపవలెను. తగిన వయస్సున సంతాననిరోధ శస్త్రచికిత్స చేయింపవలెను. ఆ పత్రములన్నియు ప్రాణితోపాటు అప్పగింపవలెను. ఆహారవిషయమున భక్తులు సైత మెరుగని దొకటి కలదు. ద్రాక్షపండ్లు, కిస్‌మిస్‌లు కుక్కల మూత్రపిండములకు హానికరములు; ఉల్లియు, చాక్లెట్టును హానికరములే. కావున ప్రేమతో పెట్టినను కిస్‌మిస్‌లు వేసిన చక్కెరపొంగలి దానికి పెట్టరాదు.

వీనియన్నిటికంటె ముఖ్యమైనది సత్యము. పిల్లకు గల లోపములను దాచి యిచ్చుట మోసము. ఉరుమునకు బెదరునని, ఆహారము వద్దకు వచ్చిన గుర్రుమనునని, కుంటుగల కాలికి చలికాలమున నొప్పి కలుగునని, ఉన్నదున్నట్లు చెప్పవలెను. చెప్పిన పిమ్మట వెనుదీయువారు వెనుదీయుదురుగాక. నిలిచినవారే నిజమైన పాత్రులు. కొలదిదినములు పరీక్షగా ఉంచుకొని చూడుడని చెప్పుటయు, ఎన్నడైన పోషింపలేకున్న వీధిలో విడువక తనకే తిరిగి యిండని మాట తీసికొనుటయు యుక్తము. తిరిగివచ్చిన నాడు తలుపు తీయుదునన్నవాడే నిజముగా అప్పగించినవాడు.

ఆచారవిషయమున తల్లిగారి మాటను తేలికగా తీసివేయరాదు. శుచిత్వము భగవదారాధనకు అంగము. నైవేద్యమును శునకస్పర్శనుండి కాపాడుట సంప్రదాయము. కాని ఆ సంప్రదాయమే గృహస్థునకు పంచమహాయజ్ఞములను విధించినది. అందు భూతయజ్ఞమున కాకులకు, క్రిములకు తోడు శునకములకును నేలపై అన్నము నుంచవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. లోపలికి రానీయకుండుట ఆచారము. ఆకలితో పోనీయకుండుట ధర్మము. వసారాలో గోనెసంచి పరచి, మందు వేసి, మట్టిమూకుడులో నీరుంచిన యెడల మడికి భంగము లేదు. విద్యావినయములు గల బ్రాహ్మణునియందును, గోవునందును, ఏనుగునందును, కుక్కయందును పండితుడు సమమైన పరతత్త్వమునే చూచునని భగవద్గీత పంచమాధ్యాయము చెప్పుచున్నది. సమదర్శనమనగా అన్నిటిని ఒకేచోట కూర్చుండబెట్టుట కాదు. దేనిని ఎచ్చట నుంచినను లోపలనున్న అంతర్యామిని మరువకుండుట.

వీధికుక్కలవలన మనుష్యులకు కలుగు బాధను మరచి మాటలాడుటయు దయ కాదు. కుక్కకాటువలన సోకు రేబిస్ లక్షణములు పొడసూపిన పిమ్మట దాదాపు ఎల్లప్పుడు ప్రాణాంతకమే. కరచినవెంటనే గాయమును సబ్బుతోను, ధారగా పడు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, జాగుచేయక ఆసుపత్రికి పోయి టీకాలు వేయించుకొనవలెను. బడికి పోవు పిల్లవాని భయమును, ప్రాతఃకాలమున గుడికి పోవు వృద్ధురాలి భయమును సత్యములే. టీకా పొంది, సంతాననిరోధము జరిగి, ఒక యింట కుదురుకొన్న కుక్కవలన ఈ భయము కొంతయైన తగ్గును. కాబట్టి ఒక కుక్కకు ఇల్లు చూపుట వీధిలోని మనుష్యులకును ఉపకారమే.

మన దేశపు శాసనములును ఈ మార్గమునే సూచించుచున్నవి. కళాక్షేత్ర సంస్థాపకురాలైన రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలసినది. ఆకలిదప్పులకు గురియగునట్లు అకారణముగా జంతువును విడిచిపోవుట ఆ చట్టము ప్రకారము నేరము. 1976లో రాజ్యాంగమునకు చేసిన 42వ సవరణ, ప్రాణులయెడ దయను పౌరుని ప్రాథమిక విధులలో చేర్చినది. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22వ తేదీన ఇచ్చిన ఉత్తర్వులో, వీధికుక్కలను పెంచుకొనగోరువారు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసికొనవచ్చుననియు, అట్లు తీసికొన్న కుక్క తిరిగి వీధికి రాకుండ చూచు బాధ్యత వారిదే యనియు పేర్కొన్నది. చేతికి తీసికొన్నదానిని వీధికి విడువరాదన్న మాట ధర్మజునినాటిది. న్యాయస్థానము దానిని నేటి భాషలో పలికినది.

యాత్రికులు ప్రత్యేకముగా స్మరింపదగిన కథ యొకటి కృష్ణదాస కవిరాజు వంగభాషలో రచించిన చైతన్యచరితామృతమున, అంత్యలీల మొదటి పరిచ్ఛేదములో గలదు. శివానందసేనుడను భక్తుడు ఏటేట వంగదేశపు భక్తులను పురుషోత్తమక్షేత్రమునకు తోడ్కొని పోవువాడు. ఒకయేడు ఒక కుక్క వారి వెంటబడెను. ఏరు దాటునప్పుడు పడవవాడు దానిని ఎక్కించుకొననన్నాడు. శివానందుడు అధికముగా గవ్వలు చెల్లించి దాటించెను. ఒకనాడు ఆయన లేని వేళ సేవకుడు దానికి అన్నము పెట్టుట మరచెను. రాత్రి వచ్చి విచారించి, అది కానరాకపోగా పదిమందిని వెదకబంపెను. దొరకలేదు. ఆ మహానుభావుడు ఆ రాత్రి ఉపవసించెను. పిదప భక్తులు పూరీ చేరి చూడగా, ఆ కుక్క చైతన్యమహాప్రభువు చెంత కూర్చుండి, ఆయన విసరు కొబ్బరి తినుచు కృష్ణనామము పలుకుచుండెను. శివానందుడు దానికి సాష్టాంగపడి తన యపరాధమును క్షమింపుమని వేడుకొనెను. తరువాత అది వైకుంఠము చేరెనని గ్రంథము చెప్పుచున్నది.

శివానందుడు సాష్టాంగపడినది ఎందుకు? ఒక పూట అన్నము తప్పినందుకు. ఆయన బాధ్యతాభావ మంతటిది. ఆయన దానిని తిరిగి తన వెంట రమ్మని పిలిచినట్లు మాత్రము కథలో లేదు. తనకంటె మేలైన ఆశ్రయము దానికి లభించినది. అది చాలునని తృప్తిపడెను. బాధ్యత పూర్ణముగా నుండి మమకారము లేకుండుట యనగా ఇదియే.

శ్రీవైష్ణవ సిద్ధాంతమున జీవుడు భగవంతునకు శేషభూతుడు, అనగా ఆయన సొత్తు. కుక్కలోని జీవుడును ఆయన సొత్తే. ఇట్లయినప్పుడు దారిలో దొరికిన ప్రాణికి తీసికొన్నవాడు యజమానుడు కాడు. స్వామి సొత్తును కొంతకాలము కాచిన కాపరి మాత్రమే. ఆ పిల్ల చేసినదియు ఒకవిధమైన ప్రపత్తియే. దానికి బలము లేదు, వేరు గతి లేదు; పాదములకడ పడియుండుట తప్ప మరియొక ఉపాయము తెలియదు. పిల్లి తన కూనను నోట కరచి చోటు మార్చునప్పుడు కూన చేయు ప్రయత్న మేమియు లేదనియు, కాపాడు భారమంతయు తల్లిదే యనియు మార్జాలకిశోర న్యాయము చెప్పుదురు. ఇల్లు మారు కుక్కపిల్లకును అట్టి నిర్భరత్వమే. కాబట్టి ఏ యింట దించవలెనన్న విచారభారమంతయు మోయువానిపైననే యున్నది.

ఆ గృహస్థుడు పిల్లను మాలలు కట్టువారి యింట అప్పగించెననుకొనుడు. మొదటిమారు చూడబోయినప్పుడు అది ఆతని పంచె పట్టుకొని విడువలేదు. ఇంటికి వచ్చి ఆతడు ఆ రాత్రి భోజనము సరిగా చేయలేదు. మాసము గడచిన పిమ్మట మరల పోయెను. అది పరుగున వచ్చి చేయి నాకి, క్షణము నిలిచి, పూలబుట్ట ప్రక్కనున్న ఇల్లాలి కడకు తిరిగిపోయి ఆమె పాదములపై తల యానించి పరుండెను. ఆతని మనస్సు చివుక్కుమన్నమాట నిజమే. కాని ఆ క్షణముననే ఆతని ప్రశ్నకు సమాధానమును లభించినది. నమ్మి వచ్చినదానిని ఆతడు విడువలేదు, చేర్చవలసినచోట చేర్చెను. ఆనాడు ఆ ఇల్లాలు కట్టిన తులసిమాలనొకటి కొని ఆతడు ఇంటికి వచ్చెను. తల్లిగారు దానిని స్వామికి సమర్పించి, పిల్ల కాలు ఎట్లున్నదని అడిగెను. కుంటుట లేదని ఆతడు చెప్పెను.